నా ఫోటో ఎవరెవరికి సంజాయిషీ చెప్పుకోవాలి?

పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. ఆమెకు 27 ఏళ్లు. పల్నాడు వైపు ఒక చిన్న పట్టణంలో నూర్‌బాషాల, అంటే దూదేకుల ముస్లింల, కుటుంబం. తండ్రి పరుపులు, దిండ్లు కుట్టే దుకాణం నడుపుతారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ అర్థమవుతుంది కానీ మాట్లాడబోతే తడబడుతుందట. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ హాస్టల్లో ఉంటున్నారు. నాలుగేళ్ల క్రితం ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఖాతా తెరిచి, చేనేత చీరల గురించి, అమ్మ చేతి వంటల గురించి చిన్న చిన్న వీడియోలు పెడుతూ వచ్చారు. ఖాతాకు ఇంట్లో పిలిచే ముద్దుపేరే పెట్టుకున్నారు. ఆ పేరు వింటే ఏ మతమో తెలియదు. దాచాలని కాదనీ, అందరూ అలా పిలుస్తారు కనుక పెట్టుకున్నాననీ ఆమె రాశారు.

2025 రంజాన్ నాడు, అంటే మార్చి 31న, తలమీద దుపట్టా వేసుకుని అమ్మ పక్కన సేమ్యా గిన్నె పట్టుకున్న ఫోటో పెట్టారు. శుభాకాంక్షల మధ్యలో "మీరు ముస్లిమా? తెలియనే తెలియదే" అన్న వ్యాఖ్యలు మొదలయ్యాయి. రెండు రోజుల్లో వందమందికి పైగా ఆమె ఖాతాను అనుసరించడం మానేశారు. ఆఫీసులో టీమ్ లీడ్ "నువ్వు అలా అనిపించవే" అన్నారు, మెచ్చుకుంటున్నట్టుగా. మూడు వారాలు గడిచాక ఏప్రిల్ 22న కశ్మీర్‌లోని పహల్గాంలో పర్యాటకుల మీద ఉగ్రవాదుల దాడి జరిగింది. ఆ రాత్రే ముక్కూ మొహం తెలియని వాళ్లు "మీవాళ్లు చేసినదానికి నీ స్టేటస్ ఏది?" అని సందేశాలు పంపారు. మర్నాడు సాయంత్రం ఆమె సంతాపం తెలుపుతూ నాలుగు వాక్యాలు రాస్తే, దాని కింద ఒకరు నాటకమన్నారు, ఇంకొకరు ఇప్పటికి గుర్తొచ్చిందా అన్నారు. భయపడిన తండ్రి ఫోన్ చేసి, "రంజాన్ ఫోటో తీసెయ్యమ్మా, మనకెందుకు" అన్నారు. తీసేశారు.

ఆగస్టు 27న వినాయక చవితికి స్నేహితురాలి ఇంటికి భోజనానికి వెళ్లి, ఉండ్రాళ్ల పళ్లెంతో అందరూ కలిసి తీసుకున్న ఫోటో పెట్టారు. కువైట్‌లో ఉన్న బాబాయి కొడుకు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, 60 మంది ఉన్న కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఇది ఈమానుకు, అంటే ఇస్లాం విశ్వాసానికి, తగిన పని కాదనీ, ఆడపిల్లను పట్నం పంపితే ఇలాగే ఉంటుందనీ రాశాడు. తండ్రి గ్రూపులో ఒక్క మాటా అనలేదు. కూతురికి ఫోన్ చేసి మళ్లీ అదే మాట అన్నారు: "తీసెయ్యమ్మా, మనకెందుకు." అదీ తీసేశారు. అంతటితో ఆగలేదు. ఎవరో ఆమె పాత రంజాన్ ఫోటో నుంచి ముఖం వరకు కత్తిరించి, బూతు రాతలతో వేరే పేజీలో పెట్టారని స్నేహితురాలు చూపించింది. ఆ రాత్రే ఖాతాను నిలిపివేశారు. ఇప్పుడు ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి అక్కగారు ఫోన్ చేసి ఇన్‌స్టా ఐడీ అడిగారు. ఆమె నన్ను అడిగిన ప్రశ్న ఇది: "తిరిగి తెరిస్తే నేను ఎవరినని పెట్టుకోవాలి? రెండు ఖాతాలు పెట్టుకోవాలా, మతం ఊసే లేకుండా ఉండాలా, లేక అసలు మానేయాలా? నాకే నేనెవరో స్పష్టత లేదేమో అనిపిస్తోంది."

అమ్మా, మీ ఉత్తరంలో మీ నాన్నగారి గురించి ఉన్న రెండు వాక్యాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అదే మనిషి, అదే మాట. ఒక ఫోటో మీ మతం కనిపిస్తోందని తీయించారు, రెండోది కనిపించడం లేదని తీయించారు. ఆయనలోనూ మీలోనూ అయోమయం ఉందని నేను అనుకోను. మీ ఉత్తరంలో నాకు కనిపించిన మనిషి రోజాలు ఉంటుంది, వీలైన పూట నమాజు చేస్తుంది, మంగళగిరి చీరకూ వెంకటగిరి చీరకూ తేడా అంచు చూసి చెబుతుంది, స్నేహితురాలు పిలిస్తే పండగ భోజనానికి వెళుతుంది. ఇందులో ఒకటి ఇంకొకదాన్ని కొట్టేసేది ఏదీ లేదు. స్పష్టత లేనిది చూసేవాళ్లకు. వాళ్ల తికమకను మీరు మీ నెత్తిన వేసుకున్నారు.

నేనూ దూది ఏకే విల్లు ఉన్న ఇంటి నుంచే వచ్చాను. చలికాలం ముందు మా నాన్న ఆ విల్లు భుజాన వేసుకుని ఊళ్లోకి వెళ్లి, ఎవరి వసారాలోనో కూర్చుని, పాత బొంతల్లోని దూది విప్పి ఏకేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మల మీద, చెవుల మీద తెల్లగా దూది పీచు అంటుకుని ఉండేది. పీర్ల పండగకు ఊరంతా మా వీధికి వచ్చేవారు. సంక్రాంతికి అరిసెలు మా ఇంటికి వచ్చేవి. అవన్నీ బంగారు రోజులని చెప్పను, ఎందుకంటే ఒక ఇంట్లో నాన్నకు మంచినీళ్లు ఇవ్వడానికి చూరులో విడిగా ఒక గ్లాసు ఉండేదని నాకు ఇప్పటికీ గుర్తు. అయినా ఒక్క సంగతి అప్పుడు మాకు తేలికగా ఉండేది. మసీదు దగ్గర చూసినవాళ్లు నాన్నను మసీదు దగ్గరే చూశారు, వసారాలో చూసినవాళ్లు వసారాలోనే చూశారు. ఎక్కడికక్కడ ఆయన ఒక్కో తీరుగా మెలిగితే దాన్ని ఎవరూ మోసమనలేదు, అదే మర్యాద అనుకున్నారు. దేవుని కడపలో ఉగాది నాడు వెంకటేశ్వరుడి దర్శనానికి వెళ్లే ముస్లిం కుటుంబాలూ, నెల్లూరు బారాషహీద్ దర్గాకు రొట్టెల పండగకు వచ్చే హిందూ కుటుంబాలూ తాము ఎవరమో కాగితం మీద రాసి చూపించాల్సిన అవసరం లేకుండానే తరాల తరబడి వెళ్లి వస్తున్నారు.

చేతిలోని ఫోన్ వచ్చి చేసిన పని ఏమిటంటే, మసీదు అరుగునూ ఆఫీసు క్యాంటీన్‌నూ మీ పుట్టింటి వసారానూ కువైట్‌లోని గదినీ ఒకే గదిగా కలిపేసింది. మీరు ఒక ఫోటో పెడితే ఆ గదిలోని వారందరూ ఒకేసారి చూస్తారు, ఒక్కొక్కరూ తమ కొలతతో కొలుస్తారు. ఇది ఫోన్ వాడే ప్రతివారికీ ఉన్న ఇబ్బందే. కానీ మీకు అది రెట్టింపు. మీ టీమ్ లీడ్ తిరుమల వెళ్లి గుండుతో ఫోటో పెడితే అది ఆయన మొక్కు. మీరు దుపట్టా వేసుకుని ఫోటో పెడితే అది ఒక ప్రకటన అవుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లింలు 14.2 శాతం. ఆ లెక్కను ఒక ఆఫీసు అంతస్తుకో ఒక స్నేహితుల గుంపుకో తెచ్చి చూస్తే తరచుగా ఒక్కరే ఉంటారు, ఆ ఒక్కరినే అందరి తరఫునా జవాబు అడుగుతారు. పైగా మనలాంటి తెలుగు మాట్లాడే నూర్‌బాషాలకు రెండోవైపు నుంచీ ప్రశ్న ఉంది: ఉర్దూ రాదా, మరి నువ్వేం ముస్లింవి? ప్రభుత్వ రిజర్వేషన్ జాబితాల్లో కూడా దూదేకులవారు ఎప్పటినుంచో బీసీ-బీలో ఉంటే, వెనుకబడిన ఇతర ముస్లిం వర్గాల కోసం 2007లో బీసీ-ఈ విడిగా వచ్చింది. ఇటువాళ్లకు మరీ ముస్లింలా, అటువాళ్లకు సరిపడా ముస్లిం కానట్టు కనబడటం మీ ఫోటోల తప్పు కాదు. మీరు పుట్టకముందే ఉన్న తగాదా మీ ఫోన్ తెర మీదకు వచ్చి కూర్చుంది.

అందుకని మీ ప్రశ్నను కొంచెం విడదీయనివ్వండి. "నేను ఎవరినని పెట్టుకోవాలి" అనే ఒకే ప్రశ్నలో మూడు వేరు వేరు సంగతులు చుట్టుకుపోయాయి. ఒకటి మీ విశ్వాసం, అది మీకూ దేవుడికీ సంబంధించినది. రెండోది మీ భద్రత, అది పోలీసులకూ చట్టానికీ సంబంధించినది. మూడోది మీ బంధాలు: నాన్న, రాబోయే అబ్బాయి, స్నేహితులు, ఆఫీసు. ఒకదానికి వాడాల్సిన మందు ఇంకొకదానికి వాడుతున్నందువల్లే మీకు ఊపిరాడటం లేదు. ఎవరో బూతు రాస్తే మీరు ఖాతా మూసుకున్నారు. బాబాయి కొడుకు తిడితే మీ ఈమాను గురించి మీకే అనుమానం వచ్చింది. ఏ దెబ్బ ఎక్కడ తగిలిందో అక్కడే చూసుకుందాం.

అన్నిటికంటే ముందు ఆ కత్తిరించిన ఫోటో సంగతి. మీరు దాన్ని ఉత్తరంలో రెండు వాక్యాలలో దాటేశారు కానీ, అన్నిటికంటే ఎక్కువ తొందర దానికే ఉంది. మీది పిరికితనమని ఎవరైనా అంటే వినకండి. 2021 జూలైలో, మళ్లీ 2022 జనవరి 1న, ముస్లిం స్త్రీలు తమ ఖాతాల్లో తాము పెట్టుకున్న ఫోటోలనే ఎత్తుకెళ్లి, వారిని "వేలం" వేస్తున్నట్టుగా రెండు యాప్‌లు తయారుచేశారు. జర్నలిస్టులు, న్యాయవాదులు, చదువుకునే పిల్లలు ఉన్నారు అందులో. ఆ స్త్రీలు ఫిర్యాదు చేశారు కాబట్టే 2022 జనవరిలో పోలీసులు నిందితులను అరెస్టు చేశారు. ఫిర్యాదు వల్ల అవమానం చెరిగిపోదు, కానీ చేసినవాడికి పేరూ చిరునామా ఏర్పడతాయి. మీరు ఖాతా నిలిపివేయడం వల్ల మీ పేజీ మాత్రమే కనిపించదు, వాళ్ల పేజీలోని కాపీ అలాగే ఉంటుంది. కాబట్టి స్నేహితురాలి ఫోన్ నుంచైనా సరే ఆ పేజీ పేరు, లింకు, తేదీ, కింది రాతలు అన్నీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయించి పెట్టుకోండి. ఇది అయ్యాకే ఇన్‌స్టాగ్రామ్‌కు రిపోర్టు చేయండి, ముందే చేస్తే పేజీతోపాటు ఆధారమూ పోవచ్చు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం పెద్ద సామాజిక మాధ్యమాలన్నీ మన దేశంలో ఫిర్యాదుల అధికారిని పెట్టి తీరాలి. ఆ అధికారికి రాసిన మెయిల్ కూడా ఆధారమే అవుతుంది. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో స్త్రీలపై నేరాలకు విడిగా ఒక భాగం ఉంది. తెలంగాణలో షీ టీమ్స్‌కూ చెప్పవచ్చు. ఠాణాలో "ఇది మా పరిధి కాదు" అంటే, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న కొత్త నేర ప్రక్రియ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలని చెబుతోందని గుర్తు చేయండి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు.

ఫిర్యాదు చేస్తే ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. రెండు మూడుసార్లు తిరగాల్సి రావచ్చు, ఆఫీసుకు సెలవు పెట్టాల్సి రావచ్చు, ఎంత దాచినా ఇంట్లో తెలుస్తుంది. సంబంధం మాట్లాడుతున్న సమయంలో ఇది అవసరమా అని ఎవరో ఒకరు అంటారు. చేయకపోతే ఆ పేజీ అలాగే ఉంటుంది, దాన్ని రేపు అబ్బాయి తరఫువారిలో ఎవరో చూసి మిమ్మల్నే సంజాయిషీ అడుగుతారు. రెండింటిలో దేనిని భరించగలరో మీరే తేల్చుకోవాలి, కానీ నా మనసు ఫిర్యాదు వైపే ఉంది. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. రాత్రివేళ కోపంలో మీరు తిరిగి రాసే మాట కూడా తెర మీద నిలిచిపోతుంది. మతాల మధ్య ద్వేషం రెచ్చగొట్టారన్న సెక్షన్ రెండు వైపులకూ వర్తిస్తుంది. అలాంటి రాత్రుల్లో ఫోన్ పక్కన పెట్టి పడుకోండి.

ఇక పహల్గాం నాటి ప్రశ్న. ఆ రోజు 26 మంది చనిపోయారు. వారిలో పర్యాటకులను గుర్రాల మీద తిప్పే స్థానిక ముస్లిం కూడా ఒకరు. ఆ మనిషి చావును కూడా మన వాళ్లు చాలామంది ఆ వారమంతా ఒక రుజువుగా వాడారు, "చూడండి, మేమూ చచ్చాం" అన్నట్టు. నాకు ఆ రోజుల్లో అది చూసి చాలా బాధ కలిగింది, ఎందుకంటే దుఃఖాన్ని రసీదులా చూపించాల్సిన స్థితి ఎవరికీ రాకూడదు. మీకు ఆ వార్త విన్నప్పుడు కడుపులో దేవినట్టయిందని రాశారు. ఆ బాధ నిజం. అది ఎవరైనా అడగకముందే ఉంది. దాన్ని పదిమందిలో చెప్పుకోవాలనిపిస్తే చెప్పండి, అనిపించకపోతే మానండి. కానీ అపరిచితుడు గడువు పెట్టి అడిగినప్పుడు రాసే నాలుగు వాక్యాలు ఎంత నిజమైనవైనా సరే హాజరు పట్టీలో సంతకంలా కనిపిస్తాయి. అందుకే ఒకరికి నాటకమనిపించాయి, ఇంకొకరికి ఆలస్యమనిపించాయి. మౌనంగా ఉంటే నష్టం లేదని నేను అనను. కొందరు దాన్ని తప్పుగానే అర్థం చేసుకుంటారు, వాళ్లలో ఒకరిద్దరు మీకు తెలిసినవారే అయివుండవచ్చు. ఆ తెలిసినవారికి విడిగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు. మిమ్మల్ని పేరు పెట్టి పిలవగలిగినవారు అడిగితే అది ప్రశ్న. పేరు తెలియనివారు అడిగేది తనిఖీ, దానికి బదులివ్వాల్సిన బాధ్యత మీకు లేదు.

టీమ్ లీడ్ మాటను అంత బరువుగా తీసుకోవద్దని నా అభిప్రాయం. ఆయన దుర్మార్గుడని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆయన మనసులో "ముస్లిం అమ్మాయి" అంటే ఒక బొమ్మ ఉంది, మీరు దానికి సరిపోలేదు. మరోసారి అలా అన్నప్పుడు నవ్వేసి ఊరుకోకుండా, "అలా అంటే ఎలా అండీ?" అని నెమ్మదిగా అడిగి చూడండి. జవాబు వెతుక్కునేటప్పుడు ఆ బొమ్మ ఆయనకే కనబడుతుంది. కనబడకపోతే, పని వరకే ఉండండి.

బాబాయి కొడుకు సంగతి దీనికంటే కష్టం, ఎందుకంటే అతను మతం పేరుతో మాట్లాడాడు, మీరు మతాన్ని ప్రేమించే మనిషి. నేను మతశాస్త్రం చదివిన ఆలిమ్‌ను కాను. ఇతరుల పండగ భోజనానికి వెళ్లడం గురించి, ప్రసాదం గురించి పండితుల మధ్య భిన్నమైన అభిప్రాయాలు ఉన్నాయి. మీలో నిజంగా సందేహం ఉంటే, మీరు నమ్మే ఆలిమ్‌నో, చదువుకున్న ఆలిమానో అడిగి తెలుసుకోండి. వచ్చిన జవాబును బట్టి రేపు మీరు ఏదైనా మార్చుకుంటే అది మీ నియ్యత్‌తో, అంటే మీ మనసులోని సంకల్పంతో, చేసిన మార్పు. కానీ మందలింపు భయంతో తీసేసిన ఫోటో మీ ఈమానును పెంచదు, ఆ అబ్బాయి గొంతును మాత్రమే పెంచుతుంది. నసీహత్, అంటే మంచి మాట, చెప్పదలచినవాడు మీకు ఫోన్ చేసి చెప్పేవాడు. 60 మందిలో పరువు తీయడాన్ని మన దీన్‌లో ఎవరూ నసీహత్ అనరు. పదిమందికి కనిపించడానికి చేసే భక్తిని రియా అంటారని చిన్నప్పుడే మనకు నేర్పారు. ఇంకొకరి లోపాన్ని పదిమందికి చూపించి తన భక్తిని చాటుకునేవారికీ అది వర్తిస్తుందని నేను నమ్ముతాను. ఇంకొకటి కూడా అనకుండా ఉండలేను. కుటుంబంలో మగపిల్లలు ఎక్కడెక్కడో తీసుకున్న ఫోటోలు ఎవరి విశ్వాసానికీ కొలబద్ద కావు. ఆడపిల్ల తలమీది గుడ్డ మాత్రం అటు ఆఫీసులో, ఇటు కుటుంబంలో, 2022లో కర్ణాటక హిజాబ్ వివాదంలో చూసినట్టు చివరికి కోర్టుల్లో కూడా, అందరూ కొలిచే వస్తువు అవుతుంది. అది వేసుకోవడమైనా వేసుకోకపోవడమైనా మీదైన పనిగా మిగలాలన్నదే నా కోరిక.

అతనితో ఏం చేయవచ్చు? సూటిగా ఫోన్ చేసి, "నాకు చెప్పాల్సింది నాకు చెప్పు, అన్నయ్యా, గ్రూపులో పెట్టకు" అనవచ్చు. అతను వింటే మంచిదే, వినకపోతే ఆ సంభాషణ కూడా స్క్రీన్‌షాట్ అయ్యే ప్రమాదం ఉంది కనుక రాతలో కాక మాటతో చెప్పండి. బాబాయితో చెప్పించవచ్చు, అయితే దానివల్ల అన్నదమ్ముల మధ్య మాట పట్టింపు రావచ్చు. గ్రూపు నుంచి బయటికి రావచ్చు, కానీ మీరు బయటికి వచ్చినా మీ నాన్నగారు అందులోనే ఉంటారు, శుక్రవారం జుమాకు ఆ మనుషుల పక్కనే నిలబడాలి. మీరు ఏది ఎంచుకున్నా దాని భారం కొంత ఆయన మీద పడుతుంది. అందుకే ఈ విషయంలో మాత్రం ఆయనను అడగకుండా ఏమీ చేయవద్దని చెబుతాను.

ఇప్పుడు ఖాతా. ముద్దుపేరుతో, మతం ఊసు లేకుండా, చీరలూ వంటలూ మాత్రమే పెట్టుకుంటే చాలా రోజులు ప్రశాంతంగా గడుస్తాయి. కానీ ప్రతి రంజాన్‌కూ మీరు ఊపిరి బిగబట్టి ఉంటారు, ఎప్పుడో ఎవరికో తెలిసినప్పుడు "దాచారు" అన్న నింద వస్తుంది. దాచడం తప్పు కాదు. ఇంటి చిరునామా దాచుకున్నట్టే ఇదీ. కానీ ఆ బిగబట్టడం మిమ్మల్ని అలసిపోయేలా చేస్తుందని మీ ఉత్తరమే చెబుతోంది. రెండు ఖాతాలు పెట్టుకుంటే, ఒకటి లోకానికీ ఇంకొకటి ఇంటివారికీ అనుకుంటే, చూడటానికి తేలిక. అయితే ఫోన్‌లోని నంబర్లను బట్టి ఆ యాప్ ఒక ఖాతావారికి ఇంకొక ఖాతాను తనే చూపించవచ్చు. నంబర్ల అనుసంధానం ఆపి పెట్టాలి, ఏది ఎక్కడ పెట్టామో ఎప్పుడూ గుర్తు పెట్టుకోవాలి. ఇద్దరు మనుషులుగా బతకడం కొందరికి అలవాటవుతుంది, మీకు అవుతుందో లేదో నాకు నమ్మకం లేదు. ఖాతాను తెలిసినవారికే పరిమితం చేస్తే భద్రత బాగా పెరుగుతుంది, కానీ మీ వీడియోలు చూసి చీరలు కొనుక్కున్నామని నేతపనివారి ఇళ్ల పేర్లు అడిగినవారి గురించి ఎంత ఆనందంగా రాశారో చూశాను. ఆ ఆనందాన్ని వదులుకోవాల్సి వస్తుంది. పూర్తిగా మానేయడం కూడా మంచి దారే, మీకు విసుగు పుట్టి మానేస్తే. ఎవరో తరిమితే మానేయడం వేరు, అది చాలాకాలం లోపల గుచ్చుతుంది.

నన్ను అడిగితే నేను మొగ్గేది ఇలా. ఫిర్యాదు ఒక కొలిక్కి వచ్చేవరకు ఖాతా తెరవకండి. తెరిచినప్పుడు అది చీరల, వంటల ఖాతాగానే ఉండనివ్వండి. దానిలోకి మీ జీవితం వంటల ద్వారా వస్తుంది. రంజాన్ నెలలో తెల్లవారకముందు తినే సహరీకి మీ అమ్మ ఏం వండుతుందో చూపండి, ఉండ్రాళ్లు స్నేహితురాలి ఇంట్లో ఎలా చేశారో చూపండి. మీరు ముస్లిం అని ప్రకటించనూ అక్కర్లేదు, తుడిచేయనూ అక్కర్లేదు, గోంగూర పచ్చడి పక్కనే అది సహజంగా కనిపిస్తుంది. అమ్మానాన్నల ముఖాలు, హాస్టల్ గుమ్మం, ఆఫీసు బస్సు మాత్రం బయటి ప్రపంచానికి వద్దు. అలాంటివి దగ్గరివాళ్లకు మాత్రమే కనిపించేలా పెట్టుకునే వీలు అందులోనే ఉంది. వ్యాఖ్యల్లో తిట్లను తెలుగులోనూ, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తీరులోనూ రెండు రకాలుగా టైపు చేసి వడపోతలో పెట్టండి, లేకపోతే సగం జారిపోతాయి. అయినా కొన్ని వస్తాయి. వచ్చినప్పుడు చదివి పెట్టడానికి ఒక స్నేహితురాలి సాయం అడగండి. రోజూ మీరే చదవాల్సిన పని లేదు.

సంబంధం గురించి రెండు మాటలు. ఐడీ అక్కగారికి ఇచ్చే ముందు అబ్బాయితో మాట్లాడే అవకాశం కోరండి. ఖాతా ఎందుకు మూశారో, ఫిర్యాదు ఎందుకు చేస్తున్నారో మీ నోటితో విననివ్వండి. రేపు ఆ పేజీ చూసి తెలుసుకోవడం కంటే ఇది ఇద్దరికీ గౌరవం. రెండు ఫోటోల కథా చెప్పి అతనికి ఏమనిపించిందో అడగండి. తడబడితే తప్పు పట్టకండి, అతనికీ ఒక కుటుంబ గ్రూపు ఉండే ఉంటుంది. కానీ "పెళ్లయ్యాక ఇవన్నీ ఉండవు" అని తేలికగా అనేస్తే, ఆ మాట ఒక్క ఇన్‌స్టా దగ్గరే ఆగుతుందా లేదా అని మీరు నెమ్మదిగా ఆలోచించుకోవాలి. ఫిర్యాదు సంగతి విని ఈ సంబంధం తప్పిపోవచ్చు కూడా. అది బాధే, ముఖ్యంగా మీ అమ్మగారికి.

చివరగా మీ నాన్నగారు. ఫోన్లో కాదు, ఈ ఆదివారం ఊరికి వెళ్లండి. తీసేసిన ఆ రెండు ఫోటోలు మీ ఫోన్‌లో ఉన్నాయని రాశారు. దుకాణంలో, ఆయన పరుపు కుడుతున్నప్పుడు పక్కన కూర్చుని రెండూ చూపండి. ఎందుకు తీయించారని అడగకండి, ఆయనకు దేనికి భయమేసిందని అడగండి. ఆయన ఎన్నో ఏళ్లుగా "మనకెందుకు" అని ఎన్నిచోట్ల అనుకున్నారో అప్పుడు బయటికి రావచ్చు. ఫిర్యాదు సంగతి కూడా ముందు ఆయనకే చెప్పండి. వద్దంటారేమో. లేదా సూదీ దారం పక్కన పెట్టి, ఠాణాకు ఏ రోజు వెళ్లాలని అడుగుతారేమో.